బియ్యమిచ్చిన మనిషి కోసం గోరీల దేశానికి

బహ్రెయిన్ పోయొచ్చినమంటే కథలాపూర్‌ల ఎవ్వరికీ వింత కాదు. మా మండలంల ఇంటికొకరు ఆ దిక్కే ఉంటరు. "ఏం కంపెనీ? డ్యూటీ ఎట్ల?" అనే అడిగిండ్రు. "కంపెనీ లేదు, చూడవోయిన" అన్నప్పుడు మాత్రం నా మొకం ఎగాదిగా చూసిండ్రు.

"ఏం చూసినవే పెద్దనాయినా?"

"గోరీలు. వేల ఏండ్ల కిందటి గోరీలు."

"గోరీలు చూడనీకి ఇమానం ఎక్కాల్నా? మన ఊరి బయట లేవా?" అని చాయ్ హోటల్ కాడ ఒకటే నవ్వుడు.

నవ్వనియ్యి. ఆ నవ్వినోళ్ల కోసం, ఎన్నడూ పోనోళ్ల కోసం, పోయి కూడా క్యాంపు గోడ దాటి ఏమీ చూడని మా పిల్లల కోసం ఇది రాస్తున్న.

నేను బడికి పోయినోన్ని కాదు. కుమ్మరోని కొడుకును. సిరిసిల్ల అంగడికి కుండలు మోసేటప్పుడు వాటి నడుమ కుక్కిన పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చుకున్న. అందుకే నా చదువు ఆడాడ చినిగి ఉంటది. తప్పులుంటే సదురుకోండ్రి. కోపాన్ని మాత్రం సదరొద్దు, అది కావాలనే పెట్టిన.

బయలెల్లక ముందు

ఎందుకు పోయినమో దాసేది లేదు, ముందే చెప్త. మా చెల్లె లసుమవ్వను కోనరావుపేటల కుమ్మరి రాజలింగానికి ఇచ్చినం. ఆయన నాకు బావ, నేను ఆయనకు బావ. స్టీలు బిందె వచ్చింది, ప్లాస్టిక్ డబ్బా వచ్చింది, ఆ మీద వరుసగ వానలు పడక కాలం కాలేదు. సిరిసిల్లల మగ్గాలు ఆగి, సాలోళ్లు భీవండి బండ్లు ఎక్కుతున్న రోజులవి. అంగట్ల కుండను వేలుతో కొట్టి చూసేటోడు కూడా లేకుంట పోయిండు. కోరుట్లల ఒక ఏజెంటు "తోట పని, నీడపట్టు" అని చెప్పి బావను బహ్రెయిన్ ఎక్కించిండు. దిగినంక తోట లేదు, నీడ లేదు. ఎండల ఇనుప రాడ్లు మోసుడే. కొన్నాళ్లకు కంపెనీ ఇడిసి పారిపోయిండని ఒకరు చెప్పిరి, జైల్ల ఉన్నడని ఇంకొకరు చెప్పిరి. ఆ మీద మాట లేదు. పదిహేనేండ్లు దాటింది.

మా దిక్కు పెత్రమాస, పెద్దల అమాస నాడు పోయినోళ్ల పేర బియ్యమిస్తం. పళ్లెంల బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టి అయ్యగారికి అందిస్తే అది పైనున్న మనిషికి ముట్టుతదని నమ్మకం. మంచి ఆచారమే, నేను కాదనను. కాని బతికున్నడో లేడో తెల్వని మనిషి పేర ఇస్తే? రాజలింగం బహ్రెయిన్ పోయిన కొన్నేండ్లకు ఆయన అన్న ఎల్లయ్య కులపెద్దల్ని కూసుండబెట్టి తమ్ముని పేర బియ్యమిచ్చిండు. "జాడ లేనోడు సచ్చినోని కిందికే లెక్క" అన్నరు పెద్దలు. ఏ లెక్క? ఎవని లెక్క? మనిషిని సంపనీకి కత్తి అక్కర లేదని, పిడికెడు బియ్యం సాలని నేను ఆ నాడే తెల్సుకున్న.

లసుమవ్వ ఇయ్యలేదు. ఆ ఏడు ఇయ్యలేదు, తర్వాత ఏ ఏడూ ఇయ్యలేదు. ఎల్లయ్య ఇంట్ల బర్రె సచ్చినా, మనుమడు చెట్టు మీదికెళ్లి పడ్డా, "గీమె మొండితనం ముట్టింది, గా ఆత్మ తిరుగుతాంది" అని మా చెల్లెనే ఆడిపోసుకున్నరు. ఈసారి తెగేసి చెప్పిండ్రు: వచ్చే పెత్రమాసకు నీ చేత్తోనే ఇయ్యాలె, లేకుంటే కులంల నిన్ను పెండ్లికి పిలుసుడు లేదు, పేరంటానికి పిలుసుడు లేదు.

"ఇస్త," అన్నది మా చెల్లె. "సచ్చిండని నాకు సూపెట్టుండ్రి, ఇస్త."

గప్పుడే నా బిడ్డ సుజాత బహ్రెయిన్ నుంచి ఫోన్ చేసింది. అల్లుడు శ్రీనివాస్ అక్కడ ఏసీ మెకానిక్‌గ మొదలువెట్టి సూపర్‌వైజర్ అయిండు. భార్యను, పిల్లను దగ్గర ఉంచుకునే వీసా దొరికింది. "బాపూ, పింకికి స్కూల్ సెలవులు. నువ్వు పాత కోటలు, రాజుల కథలు అని సంపుతవు గదా, రా చూపెడ్త" అన్నది. మా ఇంటామె పోయినంక నేను ఊరు కదిలింది లేదు. "ఒక్కన్ని రాను, మీ మేనత్తను పట్టుకొస్త" అన్న.

అటు దిక్కు అల్లుడు ఫోన్ అందుకున్నడు. "మామా, మంచిగ రండ్రి. కాని చూడనీకి రండ్రి, దేవులాడనీకి కాదు. కాయితాలు లేని మనుషుల ఎంట తిరిగితే నా నౌకరీ పోతది. పిల్ల చదువు ఉన్నది."

"చూడనీకే" అన్న. లసుమవ్వ పక్కన కూసొని సకినాల పిండి కలుపుతున్నది. వినలేదన్నట్టే ఉన్నది.

ఇమానంల

మామిడి తొక్కు సీసా శంషాబాద్‌ల పట్టుకున్నరు. నూనె కారుతదట. పారేస్తరా అంటే పారేస్తం అన్నరు. "అన్నంల కలుపుకోండ్రి కొడుకా, పారెయ్యకుండ్రి" అని మా చెల్లె ఆ యూనిఫాం పిలగాన్ని బతిలాడింది. వాడు నవ్వి పక్కకు పెట్టిండు. తిన్నడో పారేసిండో శివునికి ఎరుక.

మా పక్క సీట్ల రాయికల్ దిక్కు యువకుడు, మొదటిసారి పోతున్నడు. బెల్టు పెట్టుకొనుడు రాక చేతిల పట్టుకొని కూసున్నడు. కండ్లు ఎర్రగున్నయ్. లసుమవ్వ సకినాలు తీసి ఒళ్లె పెట్టింది. కొంచెం సేపటికి వాడు అడిగిండు:

"మీరే పనికి పోతున్నరమ్మా?"

"మొగన్ని దేవులాడ వోతున్న కొడుకా."

నేను మోచేత్తో పొడిసిన. "అల్లుని మాట మర్సినవా?"

"ఇమానంల అల్లుడు లేడు గదనే అన్నా," అన్నది.

ఖలా

మొదటి రోజు కోట చూపెట్టిండ్రు. అక్కడ కూడా కోటను ఖలా అనే అంటరు, మనం ఖిల్లా అన్నట్టు. సముద్రం ఒడ్డున పెద్ద దిబ్బ మీద కట్టిండ్రు. ఆ దిబ్బ ఉత్త దిబ్బ కాదు. ఒక ఊరి మీద ఒక ఊరు, దాని మీద ఇంకో ఊరు కూలి, మట్టి పేరుకొని అంత ఎత్తు లేసిందట. తవ్వినకాడ గోడలు మెట్లు మెట్లుగ కనబడ్తయ్. శ్రావణ మాసం, ఎండ మాడుకు పట్టి కండ్లు తిరుగుతున్నయ్. పింకి మాత్రం గోడ గోడకూ ఉరుకుతున్నది.

నాకు కోపమొచ్చింది. ఎవల మీదనంటే మన మీదనే. జగిత్యాల ఖిల్లా ఏం తక్కువ? నక్షత్రం తీరు కట్టిన కోట, చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. నేను చూసినప్పుడల్లా కందకంల పిచ్చిచెట్లు, సిగరెట్ పెట్టెలు, తాగి పడేసిన సీసలు. వీళ్లు ఒక్కొక్క రాయికి దుమ్ము దులిపి, పక్కన బోర్డు పెట్టి, ముసలోళ్లు కూసునేటందుకు నీడ వేసిండ్రు.

అక్కడి మ్యూజియంల ఒక వింత ఉన్నది. ఆ కాలపోళ్లు పాముల్ని మట్టి గిన్నెలల్ల పెట్టి, మూత పెట్టి, తమ ఇండ్ల కిందనే పాతిపెట్టిండ్రట. పింకి భయపడి తల్లి కొంగు పట్టుకున్నది. లసుమవ్వ చెప్పింది, "భయమెందుకే? మనం నాగులపంచమికి పుట్టల పాలు పోస్తం, ఆళ్లు ఇంట్లనే పెట్టుకున్నరు. దేవుని దగ్గెర చేసుకున్నరు." నేను ఇన్ని పేపర్లు చదివి ఆ మాట అనుకోలేదు.

చూపెట్టే పిలగాడు కేరళవాడు, హిందీల మంచిగ చెప్పిండు. ఈ రాజు కట్టిండు, ఆ రాజు గెల్చిండు. "రాళ్లు మోసినోళ్లు యాడ పండేటోళ్లు?" అని అడిగిన. వాడు తల గోక్కున్నడు. వాని తప్పు కాదు. వానికెవ్వరు చెప్పిండ్రు గనుక?

కుండ పక్కన పెట్టుకొని పండినోడు

మర్నాడు పెద్ద మ్యూజియం. దాని లోపల నిజం గోరీలనే పెకిలించి తెచ్చి, ఉన్నదున్నట్టు పెట్టిండ్రు. అద్దం వెనక ఒక మనిషి బొక్కల గూడు. పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులకు ముడుసుకొని, చెయ్యి మొకం దగ్గర పెట్టుకొని, అలసిపోయి నిద్రవోయినట్టే పండిండు. తల దగ్గర ఒక కుండ.

నేను పుట్టు కుమ్మరిని. కాడు దాకా పోయే కుండలు ఎన్ని చేసిన్నో! మా దిక్కు పీనుగ చుట్టూ తిరిగి కుండ పలగ్గొడ్తం. ఇగ నీకు ఈ ఇల్లు లేదు, ఎనక్కి సూడకు అని. వీళ్లు నిండు కుండ పక్కన పెట్టి పంపిండ్రు. దూపైతే తాగు అని. రెండిట్ల ఏది మంచిదో నాకు తెల్వదు.

లసుమవ్వ ఆ బొక్కల దిక్కు సూడలేదు. కుండనే చూసింది. తర్వాత అల్లున్ని అడిగింది:

"బాబూ, గిప్పుడు గీ దేశంల కుండలు చేసేటోల్లు లేరా?"

"ఉన్నరు అత్తమ్మా. ఆలి అని ఒక్క ఊరు ఉన్నది. రాజుల గోరీలు ఉన్నకాడనే. టూరిస్టులు పోతరు." ఆ మాట అన్నంక నాలిక కరుసుకున్నడు.

"మరి గాడికి తీస్కపోవా? చూడనీకే."

అల్లుడు నా దిక్కు చూసిండు. నేను గోడ మీది బోర్డు చదువుతున్నట్టు నటించిన.

శుక్రవారం గల్లీ

మనామల ఒక గల్లీ ఉన్నది. శుక్రవారం పొద్దుమూకి మన దిక్కు మొగోళ్లంత అక్కడ చేరుతరు. జగిత్యాల బస్టాండ్ల నిలవడ్డట్టే ఉంటది. మెట్‌పల్లి, కోరుట్ల, వేములవాడ, అన్ని ఊర్ల మాటలు వినబడ్తయ్. పాలు మరిగి మరిగి ఎర్రబడ్డ చాయ్, ఏలకులు దంచి పోస్తరు. చాయ్ అగ్గువనే ఉన్నది. రొట్టె ఇంకా అగ్గువ. మన ఇంట్ల గొంగడంత రొట్టె, వేడివేడిగ పేపర్ల చుట్టిస్తరు. కూరగాయలకు మాత్రం మన దగ్గర బంగారం కొన్నట్టే. బీరకాయ ధర విని లసుమవ్వ బీరకాయను మళ్ల బుట్టల పండుకోబెట్టింది, పసిపిల్లను పెట్టినట్టు.

అల్లుడు ఫోన్ మాట్లాడ పక్కకు పోంగనే నేను ఒక మెట్‌పల్లి మనిషిని మెల్లగ అడిగిన. నా ఈడు కాదు గాని తల నెరిసినోడు, ఏండ్ల సంది అక్కడనే ఉన్నడు.

"కోనరావుపేట మనిషి, కంపెనీ ఇడిసి పోయినోడు, ఎడమచేతి వాటం..."

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "ఖల్లివల్లీల సంగతి గీడ అడుగద్దు పెద్దనాయినా." పాస్‌పోర్టు కంపెనీల ఇడిసి, దొరికిన పని చేసుకుంట దాగి బతికేటోళ్లను అక్కడ ఆ మాటనే అంటరు. "అడిగేటోడు బంధువా, సీఐడీయా మాకేం ఎరుక? నువ్వు అడిగితే వాడు ఇంకింత దూరం పోతడు."

"ఉన్నడా లేడా, గంతే చెప్పు."

"ఉన్నోడైతే వానికొచ్చిన పని చేసుకుంట ఉంటడు. ఇంకేం చేస్తడు?" అని లేసి పోయిండు.

ఇదే మాట మా చెల్లె మ్యూజియంల కుండ చూసినప్పుడే అనుకున్నది. నాకు ఈ గల్లీల అర్థమైంది.

ఎడారిల జమ్మి

దక్షిణానికి పోతే ఎడారి నడుమ ఒక్కటే ఒక్క చెట్టు ఉన్నది. చుట్టూ కనుచూపు మేర నీళ్ల చుక్క లేదు, గడ్డిపోస లేదు. వందల ఏండ్ల సంది పచ్చగ నిలవడ్డది. దేశదేశాల మనుషులు వచ్చి ఫోటోలు దిగుతున్నరు. నేను దగ్గరికి పోయి ఆకు చూసిన, ముల్లు చూసిన.

"జమ్మి!" అన్న.

"జమ్మే!" అన్నది మా చెల్లె. చెప్పులు ఇడిసింది. సుజాత వద్దు వద్దు అంటనే ఉన్నది, లసుమవ్వ చుట్టూ తిరిగి, వంగిన కొమ్మ నుంచి నాలుగు ఆకులు తెంపి, నా చేతుల పెట్టి కాళ్లు మొక్కింది. దసరా నాడు పెద్దోళ్ల చేతుల జమ్మాకు పెట్టి బంగారం అనుకుంటం గదా, అట్లనే. నేను దీవించబోతుంటే కావలి మనిషి ఈల ఊదుకుంట ఉరికొచ్చిండు. ఆ చెట్టు ఆకు తెంపుడు పెద్ద నేరమట. అల్లుడు చేతులు జోడించి, "మా పెద్దోళ్లు, మా దేశంల ఇది దేవుని చెట్టు" అని అరబ్బీల చెప్పంగ చెప్పంగ ఇడిసిండు.

కార్ల అల్లుడు గుర్రుగున్నడు. పింకి మెల్లగ అడిగింది, "లసుమవ్వా, చెట్టుకేం మొక్కుకున్నవ్?"

"మొక్కుకోలే బిడ్డా. అడిగిన. గింత ఎండల ఒక్కదానివే ఎట్ల బతికినవే అని."

అల్లుడు కొంత దూరం పోయినంక కారు మెల్లగ చేసిండు. "రేపు ఆలి పోదాం. చూడనీకే," అన్నడు. ఈసారి ఆ మాట మెత్తగ వచ్చింది.

ఆలి

ఆ ఊర్ల ఇండ్ల నడుమ గోరీలు ఉన్నయో, గోరీల నడుమ ఇండ్లు ఉన్నయో చెప్పలేం. రెండంతస్తుల మేడ ఎత్తు మట్టి దిబ్బలు, బోర్లించిన కుండల తీరు. ఒక్కొక్క దాని కింద ఒక్కొక్క రాజు. వాటి పక్కపొంటి పిల్లలు బంతాడుతున్నరు. బట్టలు ఆరేసిండ్రు. రాజుల పేర్లు ఎవ్వరికీ తెల్వదట. గోరీ ఇంత పెద్దగున్నా పేరు మిగలలేదు.

కుమ్మరి దుకాణం ముందర కూజలు, తూట్లు పొడిసిన లాంతర్లు, పిల్లలు చిల్లర దాసుకునే డబ్బాలు వరుసగ పెట్టిండ్రు. ఎనక తడికె చాటుకు సారెలు తిరిగే సప్పుడు, ఆ ఎనక కుండలు కాల్చే వాము. యజమాని తెల్ల అంగీ తొడుక్కున్న ముసలాయన, నా ఈడోడే. వేళ్ల సందుల ఎండిన మట్టి చూడంగనే మనోడే అనిపించింది.

లసుమవ్వ బొమ్మలు సూడలే, రంగులు సూడలే. కుండ ఎత్తుడు, లోపల చెయ్యి పెట్టి తడుముడు, కింద పెట్టుడు. ఇంకోటి ఎత్తుడు. "అత్తమ్మా, కొనకుంటే ముట్టద్దే," అని సుజాత సిగ్గువడ్డది. ఒక కూజ కాడ ఆమె చెయ్యి లోపలనే ఆగిపోయింది.

"అన్నా, చెయ్యి పెట్టు."

పెట్టిన. సారె మీద మట్టి లేపేటప్పుడు వేళ్ల గీతలు లోపల మెట్ల తీరు చుట్టుకుంట పైకి ఎక్కుతయ్. అందరివీ ఒక దిక్కే ఎక్కుతయ్. బావ ఎడమచేతి వాటం గనుక సారెను ఉల్టా తిప్పుతడు, గీతలు ఉల్టా ఎక్కుతయ్. "మా అల్లుని కుండల నీళ్లు సుత ఉల్టా తిరుగుతయ్" అని మా నాయిన నవ్వేటోడు. ఆ కూజల గీతలు ఉల్టా ఉన్నయ్.

"లోకంల ఎడమచేతోడు ఒక్కడేనానే?" అన్న.

"గది నాకు సుత తెల్సు. అడుగు."

అల్లుడు అరబ్బీల అడిగిండు. యజమాని చెయ్యి అడ్డం ఊపిండు. ఇక్కడ ఇండియావాళ్లు ఎవ్వరూ లేరు, మేమే చేసుకుంటం అన్నడట. ఆయన భయం ఆయనది. కాయితాలు లేని మనిషిని పెట్టుకుంటే ఆయనకూ జుర్మానా. అల్లుడు కారు తాళాలు తీసిండు.

లసుమవ్వ కదల్లే. పక్కన నానేసిన మట్టి కుప్ప ఉన్నది. చీర కుచ్చిళ్లు చెక్కి దాని ముందర కూసున్నది. బకెట్ల చెయ్యి ముంచి పిసుకుడు మొదలువెట్టింది. యజమాని "లా, లా" అని వద్దన్నడు గాని ఆ చేతులు నడిచే తీరు చూసి ఊకున్నడు. పింకి కూడా పక్కన కూలబడ్డది. ఏం జేస్తున్నమో మాకే తెల్వదు. ఆమె పిసుకుతనే ఉన్నది, నీళ్లు చల్లుతనే ఉన్నది.

తడికె అవతల సారె సప్పుడు ఆగింది.

"నీళ్లెక్కువైతున్నయ్."

తెలుగు. కోనరావుపేట తెలుగు.

లసుమవ్వ తల ఎత్తలే, చేతులు ఆపలే. "ఎక్కువైతే కానియ్యి."

"సారె మీద నిలువది గా మట్టి."

"మనిషే నిలువకపాయె. మట్టి నిలువకుంటే ఏం?"

తడికె పక్కకు జరిపి బావ వచ్చిండు. గడ్డం తెల్లగైంది, మెడ బొక్కలు తేలినయ్. నన్ను చూడలే, చెల్లె మొకం చూడలే. వంగి ఆమె కాళ్ల దిక్కు చూసిండు. మట్టి అంటిన కాలివేళ్లకు మట్టెలు ఉన్నయ్.

"ఉన్నయా?" అన్నడు.

"ఎవలు తియ్యాలె?"

"బియ్యమిచ్చినవట గదా."

"ఎవలు చెప్పిండ్రు?"

"కోరుట్లాయన ఒకడు, గల్లీల కలిసిండు. నీ పేర బియ్యమిచ్చిండ్రు, ఇగ నువ్వు మీ ఇంట్ల లేవు అన్నడు. ఎవలిచ్చిండ్రని నేనడుగలే. పెండ్లామే ఇస్తది గదా అనుకున్న."

"నేనియ్యలే."

బావ అప్పుడు తలెత్తి ఆమె మొకం చూసిండు.

"మీ అన్న ఇచ్చిండు. నేనియ్యలే. ఒక్క ఏడు సుత ఇయ్యలే."

ఆయన అక్కడనే, ఆ తడి మట్టి పక్కన కూసున్నడు. నాకు ఏడుపు రావాలె గాని కోపమొచ్చింది. "ఒక్క ఫోన్ చెయ్యనీకి ఏమైంది బావా? చేతులు పడిపోయినయా?" అని ఒర్రిన.

"మొదాల్ల చేతుల ఏం లేకుండె బావా, ఏం మొకం పెట్టుకొని చెయ్యాలె? తర్వాత గీ మాట విన్న. సచ్చినోడు ఫోన్ చేస్తడా?"

యజమాని మెల్లగ లేసి బయటి గేటు దగ్గెరికి వేసిండు. లోపలికెళ్లి ఖర్జూరాలు, చాయ్ తెచ్చి మా ముందర పెట్టిండు. అల్లుడు కారు తాళాలు జేబుల ఏసుకొని వచ్చి బావ పక్కన గొంతు కూసున్నడు. "చిన్నమామా, మీ కాయితాల సంగతి నేను చూస్త," అన్నడు. నౌకరీ మాట ఎత్తలేదు.

చదివేటోళ్లు అడుగుతరు గనుక ఇక్కడనే చెప్పేస్త. మా వీసా అయిపోయి మేం తిరిగొచ్చినం. బావను ఎంట తెచ్చుకోలేకపోయినం. అల్లుడు ఎంబసీ చుట్టూ తిరిగి పాస్‌పోర్టుకు బదులు ఔట్‌పాస్ తీపిచ్చిండు. ఇంకో రెండు ముద్రలు పడాలె, పడ్డనాడు వస్తడు. పెత్రమాస నాడు ఎల్లయ్య ఎప్పటి తీరు పళ్లెం సదురుకొని కూసుంటే నేను పోయి అడ్డం కూసున్న. బావ ఫోటో, ఫోన్ల ఆయన మాట, అందరి ముందర పెట్టిన. కులపెద్దలల్ల ఒకాయన "మంచిదే గాని, ఇచ్చిన బియ్యం ఎనక్కి ఎట్ల తీసుకుంటం?" అన్నడు. ఆయనను నేనేమన్ననో ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు.

ఆ మాటే ఆ పొద్దు ఆలిల బావ కూడా అడిగిండు. చాయ్ తాగినంక, చెల్లె ఇంకా కడగని మట్టి చేతులను చూసుకుంట అడిగిండు.

"వచ్చినా ఇంట్లకెట్ల అడుగువెట్టాలె? కర్మ జరిగినోడు తిరిగొస్తే మళ్ల పుట్టినట్టు లెక్కనట గదా. తొట్టెల్ల ఏసి పురుడు చెయ్యాలె, మేనత్త నా చెవుల పేరు పల్కాలె, గప్పుడే గడప దాటాలెనట."

"తాత తొట్టెల్ల పట్టడు గదా!" అన్నది పింకి. బావ నవ్విండు. పైన రెండు పండ్లు లేవు.

లసుమవ్వ నవ్వలే. "తొట్టెల అక్కర లేదు. నీ మేనత్తలంత ఎప్పుడో పోయిండ్రు," అన్నది. "పేరు నేను పెడ్త."

మా దిక్కు ఆడది మొగని పేరు నోట పల్కది. రేషన్ దుకాణంల అడిగినా, దవాఖానల అడిగినా పక్కనున్నోళ్లను చూపెట్టి చెప్పిస్తది. పెండ్లైన నాటి నుంచి మా చెల్లె నోట ఆ పేరు నేను విన్నది లేదు. ఆమె మోకాళ్ల మీద ముందుకు జరిగి, తడి మట్టి చేతులతోనే ఆయన తల వంచి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"రాజలింగం."

నేను మొకం తిప్పుకున్న. వినగూడని మాట విన్నట్టైంది. రెండోసారి కొంచెం గట్టిగ పిల్చింది. మూడోసారి ఆ పిలుపు తడికె దాటి, వాము దాటి, అవతల పేర్లు పోయిన ఆ గోరీల దిక్కు పోయింది.

బావ "ఓ" అన్నడు.